ఇనుము వరి వంగడమా, ఫోర్టిఫైడ్ బియ్యమా, సజ్జలా? రక్తహీనతకు ఏది ఎవరికి పనికొస్తుంది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రలో 63.2 శాతం, తెలంగాణలో ఏకంగా 70 శాతం. పేదింట్లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కడుపు నింపేది అన్నమే. ఆ అన్నంలోనే ఇనుము ఉండేలా వరిని మారిస్తే చాలు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సొంతూరికి ఏదైనా చేయాలని అమెరికా నుంచి డబ్బు పంపేవారు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు, చిన్న స్వచ్ఛంద సంస్థలు తరచూ అడిగేది ఇదే. ఇనుము ఎక్కువున్న వరి విత్తనం కొనిపెట్టాలా, ఫోర్టిఫైడ్ (పోషకాలు కలిపిన) బియ్యం పంచాలా, చిరుధాన్యాలు పెట్టించాలా, లేక మాత్రలతో సరిపెట్టాలా?

మా సలహా ముందే చెప్తాం. రక్తహీనత తగ్గించడానికని ఈరోజు వరి విత్తనం మీద డబ్బు పెట్టకండి. జింకు కోసమైతే పెట్టండి, మంచి వంగడాలున్నాయి. ఇనుముకు మాత్రం వేరే దారులు దగ్గరివి. అలాగని ఇనుము వరి పరిశోధన దండగ అనడం లేదు. ఆ పని జరిగితీరాలి, దానికి కారణం కూడా కింద చెప్తాం.

ఇనుము తవుడులోనే పోతుంది

వడ్ల పొట్టు తీస్తే వచ్చే ముడి బియ్యంలో కిలోకు 10–12 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గింజ పైపొరలోనూ మొలకలోనూ ఉంటుంది. మిల్లులో పది శాతం పాలిషు పట్టేసరికి ఆ రెండూ తవుడులోకి పోతాయి. మిగిలిన తెల్ల గింజలో కిలోకు 2–3 మిల్లీగ్రాములకు మించి నిలవదు. జింకు అలా కాదు, గింజ లోపలికి కూడా చేరుతుంది కాబట్టి పాలిషు పట్టినా చాలావరకు మిగులుతుంది. జింకు వరి ముందుకు పోయి ఇనుము వరి వెనకబడడానికి అసలు కారణం ఇదే.

పంటల్లోనే పోషకాలు పెంచే పని చేసే అంతర్జాతీయ కార్యక్రమం హార్వెస్ట్‌ప్లస్, పాలిషు పట్టిన బియ్యంలో కిలోకు 13 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రపంచంలో ఉన్న వరి రకాలన్నీ వెతికినా, పాలిషు పట్టాక ఆ అంకెకు దగ్గరగా వచ్చే రకం దొరకలేదు. మామూలు సంకరణంలో ఉన్న తేడానే పెంచుకోగలం, లేని తేడాను తేలేం. అందుకే ఆ కార్యక్రమం వరిలో జింకు వైపు మళ్లింది.

మరి 13 వచ్చిందే అనుకుందాం. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి 3.9 మిల్లీగ్రాముల ఇనుము అందుతుంది. మామూలు తెల్లబియ్యంతో అందేది 0.6. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కలో ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. 3.9 చిన్న సాయం కాదు, కానీ అది ఒక్కటే మందూ కాదు.

ఫిలిప్పీన్స్ పరీక్ష ఏం చెప్పింది

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఐఆర్72, జావా బొందాయ్ రకాలను చలిని తట్టుకునే వరి కోసం కలిపారు. అందులోంచి అనుకోకుండా బయటపడ్డ రకం ఐఆర్68144. ముడి బియ్యంలో కిలోకు దాదాపు 21 మిల్లీగ్రాముల ఇనుము ఉంది, మామూలు రకాలకు రెట్టింపు. మనీలా చుట్టుపక్కల కాన్వెంట్లలోని సన్యాసినులకు ఆ బియ్యాన్ని తొమ్మిది నెలలు పెట్టి చూశారు. చివరిదాకా ఉన్నవారు 192 మంది. వంటశాల ఒకటే, తినేవారు స్థిరంగా ఒకేచోట ఉంటారు, తిన్నదెంతో కొలవొచ్చు. ఇలాంటి పరీక్షకు ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

కొత్త బియ్యం తిన్నవారికి అన్నం నుంచి రోజుకు 1.79 మిల్లీగ్రాముల ఇనుము అందింది, మామూలు బియ్యం తిన్నవారికి 0.37. అప్పటికి రక్తహీనత లేనివారిలో ఒంట్లో ఇనుము నిల్వలు 20 శాతం దాకా పెరిగాయి. హిమోగ్లోబిన్ మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. 2005లో అచ్చయిన ఈ ఫలితాన్ని ఇనుము వరిని సమర్థించేవారూ, కాదనేవారూ తమకు కావలసినంత మేరకే చెప్తుంటారు. మేము చదివేది ఇలా: అన్నంలోని కొద్దిపాటి ఇనుము కూడా ఒంటికి పడుతుంది, నిల్వలు తరిగిపోకుండా కాపాడుతుంది. ఇప్పటికే రక్తం పడిపోయిన మనిషిని అది పైకి లేపలేదు.

జన్యుమార్పిడి చేస్తే లక్ష్యం దాటొచ్చని కూడా రుజువైంది. ఐఆర్64 వరిలోకి సోయా నుంచి ఫెర్రిటిన్ (ఇనుమును నిల్వ చేసే ప్రొటీన్) జన్యువును, వరి నుంచే నికోటియానమైన్ సింథేస్ (మొక్కలో ఇనుము కదలడానికి తోడ్పడేది) జన్యువును చేర్చి పొలంలో పండిస్తే పాలిషు గింజలో కిలోకు 15 మిల్లీగ్రాముల ఇనుము, 45.7 మిల్లీగ్రాముల జింకు వచ్చాయి. 2016లో ఈ ఫలితాలు వచ్చాయి. మన దేశంలో జన్యుమార్పిడి వరిని సాగు చేయడానికి అనుమతి లేదు, కాబట్టి ఇది ఈరోజు మీ ఎంపికల్లో లేదు. 2025 మేలో విడుదలైన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే ‘కమల’, జన్యు సవరణతో, అంటే బయటి జన్యువు చేర్చకుండా ఉన్నదాన్నే మార్చి తెచ్చిన వరి. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబ మసూరి నుంచి తయారుచేసింది. అది దిగుబడి కోసం చేసినది, ఇనుముతో దానికి సంబంధం లేదు.

‘ఐరన్ రైస్’ విత్తనమంటూ వస్తే అడగాల్సినవి

మొదటి ప్రశ్న: మీరు చెప్పే అంకె ముడి బియ్యానిదా, పాలిషు పట్టిన బియ్యానిదా? ‘కిలోకు 20 మిల్లీగ్రాముల ఇనుము’ అన్న అంకె దాదాపు ఎప్పుడూ ముడి బియ్యానిదే. జనం తినేది ఆ బియ్యాన్ని కాదు.

రెండోది: నమూనా ఎలా తీశారు? ఇనుము కొలతలో మోసపోవడం చాలా తేలిక, మోసం చేసే ఉద్దేశం లేకపోయినా సరే. కళ్లంలో నూర్చినప్పుడు అంటిన మట్టి, మిల్లు రోలర్ల నుంచి రాలిన రజను, ఇనుప డబ్బా తుప్పు, వీటిలో ఏ ఒక్కటి చేరినా అంకె రెట్టింపవుతుంది. అసలు గింజలో ఉన్నదే అంత తక్కువ మరి. పద్ధతిగా చేసేవారు కంకుల్ని నేలకు తగలనీయకుండా కోస్తారు, చేత్తో నూరుస్తారు, కాగితం లేదా గుడ్డ సంచుల్లో దాస్తారు, ఇనుము తగలని భాగాలున్న చిన్న ల్యాబు మిల్లులో పాలిషు పడతారు. రిపోర్టులో ఇనుము పక్కన అల్యూమినియం కూడా కొలిచి చూపిస్తారు. గింజలో అల్యూమినియం దాదాపు ఉండదు, మట్టిలో బోలెడు ఉంటుంది. అల్యూమినియం ఎక్కువ కనబడితే ఆ ఇనుము మట్టిది, వరిది కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో తెల్లబియ్యానికి 100 గ్రాములకు 0.65 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 6.5 కనబడుతుంది. వంగడాల పరిశోధకులు ల్యాబులో కొలిచే 2–3తో దాన్ని నేరుగా పోల్చకూడదు. పాలిషు ఎంత పట్టారన్నదాన్ని బట్టే అంకె మారిపోతుంది.

మూడోది: ఎన్ని చోట్ల, ఎన్ని పంటకాలాలు చూశారు? ఒక్క పొలంలో ఒక్క ఏడాది వచ్చిన ఇనుము అంకెకు విలువ లేదు. నేల, నీటి యాజమాన్యం మారితే అదీ మారుతుంది. దిగుబడి పడిపోయినా గింజకు ఇనుము ఎక్కువ చేరినట్టు కనబడుతుంది. ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చిందో పక్కన పెట్టి చూపించమనండి.

కొందరు అన్నభేది (ఐరన్ సల్ఫేటు) పిచికారీ చేస్తే గింజలో ఇనుము పెరుగుతుందంటారు. మెట్ట వరిలో ఆకు తెల్లబారితే అన్నభేదితో పచ్చబడుతుంది, నిజమే. గింజలోకి మాత్రం చెప్పుకోదగ్గంత వెళ్లదు.

ఎర్ర బియ్యం, నల్ల బియ్యం గురించి కూడా ఒక మాట. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చింది కాదు, పైపొరలోని రంగు పదార్థాల వల్ల వచ్చింది. ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడే గుణం వాటికీ, తవుడులోని ఫైటిక్ ఆమ్లానికీ ఉంది. పీచు కోసం, ఇష్టంతో తినేవారు హాయిగా తినొచ్చు. కిలోకు రెండు మూడింతల ధర పెట్టి పేదలకు రక్తం పట్టడానికని కొనివ్వడం మాత్రం డబ్బు వృథా.

జింకు వరి: దొరుకుతుంది, పండించొచ్చు

డీఆర్ఆర్ ధాన్ 45 పాలిషు బియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. మామూలు రకాల్లో ఉండేది 12–16. పంటకాలం 125–130 రోజులు, హెక్టారుకు సగటున 50 క్వింటాళ్లు. డీఆర్ఆర్ ధాన్ 48లో జింకు 24, పంటకాలం 138 రోజులు, దిగుబడి 52 క్వింటాళ్లు. రెండూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సిఫారసు చేసినవే. 300 గ్రాముల ధాన్ 45 బియ్యంతో 6.8 మిల్లీగ్రాముల జింకు అందుతుంది. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 13.2. పిల్లల ఎదుగుదలకు, విరేచనాలు తగ్గడానికి జింకు పనికొస్తుంది. రక్తహీనత తగ్గుతుందని చెప్పి ఈ విత్తనం పంచకండి.

ఎంపికలో తరచూ దెబ్బతినేది రుచి దగ్గర. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి అన్నానికి అలవాటుపడ్డ నోరు వేరే అన్నాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. పది ఎకరాలకు విత్తనం కొనేముందు ఐదు కిలోల బియ్యం తెప్పించి నాలుగిళ్లలో వండించండి. రాత్రి మిగిలిన అన్నం పొద్దున ఎలా ఉందో కూడా అడగండి. చద్దన్నం గట్టిపడితే కూలికెళ్లే ఇళ్లలో ఆ బియ్యం చెల్లదు. జింకు వంగడం వేసినా నేలలో జింకు లేకపోతే గింజలోకి రాదు. లోపమున్న పొలంలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయాలి, భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు.

ఫోర్టిఫైడ్ బియ్యం: రేషన్ మీద బతికే ఇళ్లకు

ఇక్కడ ఇనుము పంటలోంచి రాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, మరలో ఒత్తి, మళ్లీ బియ్యపు గింజ ఆకారం తెస్తారు. అలాంటి కిలో గింజల్ని వంద కిలోల మామూలు బియ్యంలో కలుపుతారు. ఆహార భద్రత సంస్థ ప్రమాణం ప్రకారం కిలోకు ఇనుము 28–42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 75–125 మైక్రోగ్రాములు, బి12 0.75–1.25 మైక్రోగ్రాములు. 300 గ్రాములకు లెక్కేస్తే కనీసం 8.4 మిల్లీగ్రాముల ఇనుము. 13 లక్ష్యం అందుకున్న వంగడం ఇచ్చేదానికి ఇది రెట్టింపు పైనే. రేషన్, మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీల్లో దీన్ని ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. ఏటా 2,700 కోట్ల రూపాయల దాకా ఖర్చని 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం లెక్కకట్టింది.

అంకె పెద్దదైనా అందులో వాడే ఇనుము రూపం, ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్, నీళ్లలో అంతగా కరగదు. అందుకే అన్నం రంగు, రుచి మారవు, అందుకే ఒంటికి పట్టేదీ తక్కువే. ఫోర్టిఫైడ్ బియ్యంపై జరిగిన పరీక్షలన్నిటినీ 2019లో కొక్రేన్ (వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష చూసి, రెండేళ్లు దాటినవారిలో రక్తహీనత ముప్పు మీద పెద్ద తేడా ఉండకపోవచ్చని తేల్చింది. అయినా రేషన్‌లో వస్తుంటే వద్దనకండి. వేరే ఖర్చు లేదు, ఇల్లాలు వంట పద్ధతి మార్చుకోనక్కర్లేదు, మన దగ్గర ఎక్కువగా కనబడే బి12, ఫోలిక్ లోపాలకూ కొంత పనికొస్తుంది.

అసలు తప్పు వంటింట్లో జరుగుతుంది. ఆ గింజలు కాస్త పసుపుగా, మొద్దుగా ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టింది వాటి వల్లే. చేటలో బియ్యం చెరిగే చేతులు వాటినే ముందు ఏరి పారేస్తాయి. పళ్లెంలో గుప్పెడు బియ్యం పరిచి చూపిస్తే వంద గింజలకు ఒకటి చొప్పున కనబడతాయి. ఆ ఒక్కటిలోనే మందంతా ఉందని చెప్పండి, అనుమానం సగం పోతుంది. పిండిచేసి వేడినీళ్లలో వేసి జావలా మారుతుందని చూపిస్తే మిగతా సగమూ పోతుంది. నాలుగైదు సార్లు రుద్ది కడగొద్దు. గంజి వార్చి పారబోస్తే ఫోలిక్ ఆమ్లం, బి12 కొంత దానితోపాటే పోతాయి. ఎసరు సరిపడా పెట్టి ఇగిరేలా వండాలి, వార్చే అలవాటుంటే ఆ గంజి తాగాలి.

తలసేమియా, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులున్నవారి సంగతి వేరు. ఏజెన్సీ గ్రామాల్లో పని చేసేవారు ముందు ఆ పరీక్షలు జరిగాయో లేదో ఆరోగ్య కేంద్రంలో కనుక్కుని, ఆ కుటుంబాల విషయంలో డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి.

సజ్జలు, రాగులు

పంట ద్వారా ఇనుము అందించాలన్నదే మీ పట్టుదల అయితే వరి కాదు, సజ్జ వైపు చూడండి. పఠాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మహారాష్ట్రలోని రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన ‘ధనశక్తి’ సజ్జలో కిలోకు 70 మిల్లీగ్రాములకు పైనే ఇనుము ఉంటుంది. సజ్జకు పాలిషు లేదు, గింజ మొత్తం పిండి అవుతుంది. మహారాష్ట్రలో 12–16 ఏళ్ల పిల్లలకు ఇలాంటి సజ్జ రొట్టెలు రోజుకు రెండు పూటలా ఆరు నెలలు పెట్టారు. మొదట ఇనుము లోపం ఉన్నవారిలో, మామూలు సజ్జ తిన్నవారికన్నా వీరు ఆ లోపం నుంచి బయటపడే అవకాశం 1.64 రెట్లు ఎక్కువని తేలింది. వరి వంగడాలు చూపలేకపోయిన ఫలితం ఇది. 2018 నుంచి దేశంలో కొత్త సజ్జ రకం విడుదలకు కిలోకు కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింకు ఉండాలన్న నిబంధన కూడా వచ్చింది.

రాయలసీమ, పాలమూరు మెట్టల్లో ఇది చక్కగా కుదురుతుంది. ఎకరాకు 1.6 కిలోల విత్తనం చాలు, 75–80 రోజుల్లో చేతికొస్తుంది. ధనశక్తి హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. కాకపోతే సజ్జ పరపరాగ సంపర్కం చేసే పంట. పక్క చేలో వేరే సజ్జ ఉంటే గుణం కలిసిపోతుంది. విత్తనానికి ఉంచే మడి వేరే సజ్జకు 200 మీటర్ల దూరంలో ఉండాలి. పిండి తొందరగా చేదెక్కుతుంది, వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. నెలకు సరిపడా పిండి పంచిన చోట రెండో వారానికే పిల్లలు రొట్టె పక్కన పెట్టేస్తారు.

రాగిలో ఇనుము 100 గ్రాములకు 4.6 మిల్లీగ్రాములు. సజ్జంత లేదు గానీ మన ఇళ్లలో సంకటిగా, జావగా అలవాటున్న తిండి. మొలకెత్తించి పట్టిస్తే ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము మరికాస్త పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మూడు పూటలా అన్నం తినే ఇంటికి సజ్జ రొట్టె అలవాటు చేయడం కష్టం. అక్కడ రాగిజావ, తోటకూర పప్పు, మునగాకు నయం. దేనితోనైనా నిమ్మకాయ పిండుకోవడం, లేదా జామకాయ, ఉసిరి తినడం మరిచిపోకూడదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఈ శ్రమలో చాలా భాగం పోతుంది, గంట ఆగాలి.

ఎవరికి ఏది

హిమోగ్లోబిన్ ఇప్పటికే తక్కువున్న గర్భిణికి ఏ బియ్యమూ చాలదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర రక్తహీనత లేని గర్భిణి అయినా రోజుకొకటి 180 రోజులు వేసుకోవాలి, కాన్పు తర్వాత మరో 180 రోజులు; హిమోగ్లోబిన్ తక్కువుంటే అది మామూలు స్థాయికి వచ్చేదాకా రోజుకు రెండు. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. వికారం, మలబద్ధకం, మలం నల్లగా రావడం చూసి భయపడి చాలామంది మానేస్తారు. నలుపు మామూలేనని ముందే చెప్పాలి, వికారముంటే రాత్రి తిన్నాక వేసుకోమనాలి, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దనాలి. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువుంటే నేరుగా ఆస్పత్రికే. మీ సంస్థ దగ్గర కొద్ది డబ్బే ఉంటే దాన్ని మాత్రలు కొనడానికి కాదు, ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ వెళ్లి అవి వేసుకునేలా చూడడానికి పెట్టండి. అన్ని దారుల్లో ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు ఇదే. ఆరుబయట మలవిసర్జన ఉన్న ఊళ్లలో పిల్లలకు ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర పడకుండా ఇనుము ఎంత పోసినా నిలవదు.

రేషన్ బియ్యమే తినే ఇంటికి, రేషన్‌లో వస్తుంటే ఫోర్టిఫైడ్ బియ్యం, దానికి తోడు రాగి, ఆకుకూర. మెట్టలో సొంత తిండిగింజలు పండించుకునే రైతుకు ధనశక్తి సజ్జ. మాగాణిలో తన బియ్యం తానే తినే రైతుకు జింకు వరి, ఇనుముకు విడిగా రాగి, ఆకుకూర. ఇనుము వరి పరిశోధన ఆగకూడదనడానికి కారణం సరిగ్గా ఈ చివరి రైతే. ఫోర్టిఫైడ్ గింజ ఆయన ఇంటికి చేరదు, ఆయన వడ్లు ఊళ్లోని చిన్న మిల్లులో ఆడతాయి. వంగడంలోనే ఇనుము ఉంటే ఒకసారి కొన్న విత్తనం మూడు నాలుగేళ్లు నడుస్తుంది, ఏటా కోట్లు పోసి గింజలు కలపనక్కర్లేదు.

ఏ దారి ఎంచుకున్నా ఫలితం కొలిచే పద్ధతి ముందే తేల్చుకోండి. వేలి చివర గుచ్చి తీసిన రక్తంలో హిమోగ్లోబిన్ అంకె అటూఇటూ ఊగుతుంది, నరంలోంచి తీసిన రక్తంతోనే పోల్చాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు చూపే పరీక్ష), సీఆర్పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు చూపే పరీక్ష) కూడా చూడాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెర్రిటిన్ ఎక్కువ కనబడి లోపం లేదనిపిస్తుంది, సీఆర్పీ ఆ సంగతి బయటపెడుతుంది. మాత్రలు సరిగ్గా వేసుకున్నా నెల తర్వాత హిమోగ్లోబిన్ ఒక్క గ్రాము కూడా పెరగకపోతే అది ఇనుము లోపం ఒక్కటే కాదు. బి12, సికిల్ సెల్, తలసేమియా, నెలసరిలో అధిక రక్తస్రావం, ఇలా ఇంకేదో ఉంది. మాత్రల సంఖ్య పెంచకుండా డాక్టరు దగ్గరికి పంపండి.